దమ్ము కాదు, మోచెయ్యి: బ్యాగ్‌పైపుపై మీ ప్రశ్నలకు జవాబులు

జనవరి 26న కావలిలో మా వీధి చివరి బడిలో జెండా ఎగరేసినప్పుడు నేను బ్యాగ్‌పైపు వాయించాను. పంచె కట్టుకున్న ముసలాయన భుజం మీద మూడు గొట్టాలు పెట్టుకుని బుగ్గలు ఉబ్బించిన ఆ ఫోటో ఈ పత్రికలో అచ్చయింది. (బుగ్గలు ఉబ్బించడం తప్పు. ఫోటో తీస్తున్నారంటే నాకు ఆ జబ్బు తిరగబెడుతుంది.) ఆ తరువాత సంపాదకుల దగ్గరికి ఒక ఉత్తరాల కట్ట వచ్చింది. నేను తపాలా శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసినవాణ్ణి, ఉత్తరం వచ్చాక జవాబు రాయకుండా ఊరుకోవడం చేతకాదు. అయితే ముందే ఒక మనవి. నేను విద్వాంసుణ్ణి కాను. నలభై ఏడో ఏట మొదలుపెట్టి పంతొమ్మిదేళ్ళుగా సరదాకు వాయిస్తున్నవాణ్ణి. నాకు తెలిసినదానిలో సగానికి పైగా తప్పులు చేసి తెలుసుకున్నదే.

ప్రశ్న: అయ్యా, నాకు నలభై ఆరేళ్ళు. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు నడుపుతున్నాను. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తుంది. బ్యాగ్‌పైపుకు ఎంత దమ్ము కావాలి? ఈ వయసులో మొదలుపెట్టవచ్చా? (ఒక పాఠకుడు, కందుకూరు)

జవాబు: రెండంతస్తులకే ఆయాసమైతే ముందు డాక్టరు గారిని కలవండి. అది వాద్యం సంగతి కాదు, మీ సంగతి. ఆయన సరేనంటే నిశ్చింతగా మొదలుపెట్టండి. ఈ వాద్యాన్ని చూసినవాళ్ళందరూ ఊపిరితిత్తుల బలం అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మొదటి నెలంతా తెల్లవారుజామున లేచి రైల్వే గేటు దాకా పరుగెత్తి వచ్చాను. మోకాళ్ళ నొప్పులు వచ్చాయి గానీ స్వరం రాలేదు.

లోపల జరిగేది ఇది. మీరు ఊదిన గాలి తిన్నగా పీకలోకి పోదు. (పీక అంటే గొంతు కాదు, సన్నాయి పీకలాంటిది. బ్యాండువాళ్ళు రీడు అంటారు.) ముందు ఎడమ చంకలో ఉన్న తిత్తిలోకి పోతుంది. ఊదే గొట్టం అడుగున చిన్న కవాటం ఉంటుంది కాబట్టి పోయిన గాలి వెనక్కి రాదు. తిత్తిలో నిండిన గాలి నాలుగు దారుల్లో బయటపడుతుంది. వేళ్ళు ఆడించే చాంటర్ ఒకటి, భుజం మీద నిలబడే శ్రుతి గొట్టాలు మూడు. మీరు ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు క్షణాలు మోచెయ్యి తిత్తిని నొక్కుతుంది. మళ్ళీ ఊదగానే మోచెయ్యి సడలుతుంది. గాలి పంపే పని ఊపిరి నుంచి చేతికి, చేతి నుంచి ఊపిరికి మారుతూ ఉంటుంది. ఆ మారడం పీకలకు తెలియకూడదు. నిండు బిందెను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకునేటప్పుడు చుక్క తొణకకూడదు కదా, అదే పని.

మా గురువు గారు పటాలంలో పైపు బ్యాండులో వాయించి వచ్చిన మాజీ హవల్దారు. గిద్దలూరు వైపు పల్లె ఆయనది. పింఛను తీసుకుంటూ కావలిలో ఒక రైసు మిల్లులో రాత్రి కాపలాకు కుదిరారు. మొదటి మూడు నెలలు ఆయన నాకు పాట నేర్పలేదు. చాంటర్ మీద ఒకే స్వరం పట్టించి, గోడ గడియారం చూపించి, ఇరవై నిమిషాలు కదలకుండా నిలబెట్టమనేవారు. స్వరం వంకర తిరిగినప్పుడల్లా కళ్ళు తెరవకుండానే "చంక నిద్రపోతోంది" అనేవారు.

కళ్ళతో చూసుకోవాలనుకుంటే ఒక ఉపాయం ఉంది. కొట్టు నడిపేవారు కాబట్టి మీకు ఇది పది నిమిషాల పని. తాపీ మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే పారదర్శకమైన గొట్టం పది అడుగులు తీసుకోండి. నాలుగడుగుల చెక్క మీద దాన్ని ఇంగ్లీషు యు అక్షరంలా బిగించి, సగం దాకా నీళ్ళు పోసి, బట్టల నీలం ఒక చుక్క వేయండి. ఒక శ్రుతి గొట్టం ఊడదీసి, ఆ రంధ్రానికి బెజ్జం వేసిన బిరడా పెట్టి, మేస్త్రీ గొట్టం కొస అందులో దూర్చండి. రెండో కొస తెరిచే ఉండాలి. ఇప్పుడు చాంటర్ పలికిస్తే ఒక వైపు నీళ్ళు దిగుతాయి, రెండో వైపు లేస్తాయి. పీక గట్టిదనాన్ని బట్టి ఆ రెండు మట్టాల మధ్య తేడా 25 నుంచి 35 అంగుళాల దాకా ఉంటుంది. నాది 30 దగ్గర నిలుస్తుంది. నేను మొదటిసారి చూసుకున్న రోజు నీలం నీళ్ళు జాతరలో ఉయ్యాలలా ఊగాయి. ఊపిరి పీల్చిన ప్రతిసారీ నాలుగు అంగుళాలు పడటం, కంగారుగా మోచెయ్యి నొక్కగానే ఆరు అంగుళాలు ఎగరడం. చెవికి అంత తేడా ఉందని నాకు తెలియనే లేదు. మా ఆవిడ వచ్చి చూసి, "ఆ నీళ్ళు ఊగకుండా ఉండేదాకా వంటింటి వైపు రావద్దు" అంది. ఏడాదికి వెళ్ళాను.

అందుచేత దమ్ము గురించి దిగులు వద్దు. నలభై ఆరేళ్ళు పెద్ద వయసూ కాదు. మీ పీకను మెత్తని రకం అడిగి తీసుకోండి. పటాలం కుర్రవాళ్ళ గట్టి పీకతో పౌరుషానికి పోతే కణతల దగ్గర నరాలు లేస్తాయి.

ప్రశ్న: తాతగారూ, బ్యాగ్‌పైపు వాయించేవాళ్ళు గౌను వేసుకుంటారు కదా. మీరెందుకు వేసుకోలేదు? మా అన్నయ్య అడగమన్నాడు. (ఆరో తరగతి, ఉలవపాడు)

జవాబు: బంగారూ, అది గౌను కాదు, కిల్టు. స్కాట్లండ్ కొండప్రాంతపు మగవాళ్ళ దుస్తు. మన పంచె కుచ్చిళ్ళు ముందుంటాయి, వాళ్ళ మడతలు వెనకుంటాయి, అంతే తేడా. అది ఉన్నితో నేస్తారు. మే నెలలో మీ ఊరి మామిడితోటలో అది కట్టుకుని నిలబడితే పండు కంటే ముందు నేనే మాగిపోతాను. మీ అన్నయ్యతో చెప్పు, అడగాలనుకున్నది సొంతంగా రాయమని. పోస్టుకార్డులు ఇంకా అమ్ముతున్నారు.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చదువుతున్నాను. ఆన్‌లైన్లో పూర్తి సెట్టు చవకగా కనిపిస్తోంది. ఎర్ర వెల్వెట్ కవరుతో చాలా బాగుంది. కొనమంటారా? మా దగ్గర నేర్పేవాళ్ళు కూడా లేరు. (ఒక విద్యార్థి, కనిగిరి)

జవాబు: వద్దు నాయనా. నాది ఆకుపచ్చ వెల్వెట్, బంగారు కుచ్చులు. పండగ బోనస్ డబ్బుతో తెప్పించుకున్నాను. పెట్టె విప్పిన రోజు ఇంట్లో అందరం చుట్టూ కూర్చుని చూశాం. నెల తరువాత హవల్దారు గారు దాన్ని చేతిలోకి తీసుకుని, ఒక్కసారి ఊది, మర్యాదగా నా చేతికే ఇచ్చి, "గోడకు బాగుంటుంది" అన్నారు. గొట్టాలు దిగే చోట గాలి కారుతోంది, చాంటర్ రంధ్రాలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. పది నెలలు అది బీరువా మీదే ఉంది.

ఉత్తరాదిన మీరట్, సరిహద్దు అవతల సియాల్‌కోట్, ఈ రెండు ఊళ్ళూ బ్యాగ్‌పైపుల తయారీకి పేరున్నవి. మీరట్‌లో జలీ కోఠీ ప్రాంతమంతా బ్యాండు వాద్యాల పనే. అక్కడ బాగా చేసేవాళ్ళూ ఉన్నారు, ఫోటో కోసం చేసేవాళ్ళూ ఉన్నారు. కొత్తవాడి కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. అసలు చిక్కు అదే. పాత పద్ధతిలో మేలైన వాటిని ఆఫ్రికా నల్లచేవ కర్రతో చేస్తారు. మనలాంటివాళ్ళకు గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి నయం, ఎండకూ ఉక్కకూ పగుళ్ళు రావు.

అయినా నువ్వు ముందు కొనాల్సింది అది కాదు. ప్రాక్టీసు చాంటర్ అని ఉంటుంది. మూరెడు పొడవు, తిత్తి ఉండదు, నోటితోనే ఊదాలి. మూత లోపల పీక ఉంటుంది కాబట్టి పెదవికి తగలదు. కుండలో పడ్డ తుమ్మెదలా గొణుగుతుంది, పక్క గదిలో నిద్రపోయేవాళ్ళు లేవరు. ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా దాని మీదే ఉండాలి. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. వేలికొసలతో మూయవద్దు. వేళ్ళు బల్లపరుపుగా చాచి, కండ ఉన్న చోటుతో మూయాలి. కొసలతో మూయడం అలవాటైతే ఏడాది తరువాత పెద్ద పైపు మీద వేళ్ళు అందవు, అప్పుడు ఆ అలవాటు వదిలించుకోవడానికి ఇంకో ఏడాది.

ఎప్పుడో పూర్తి సెట్టు కొనేనాడు ఒక్క పరీక్ష చెయ్యి. చాంటర్, శ్రుతి గొట్టాలు అన్నీ ఊడదీసి, తిత్తికి బిగించిన గూళ్ళకు బిరడాలు కొట్టి, రాయిలా గట్టిపడేదాకా ఊది వదిలేయి. వెళ్ళి టీ తాగి రా. వచ్చేసరికి అలాగే ఉంటే కొను. మెత్తబడితే గూళ్ళ చుట్టూ సబ్బు నురగ రాసి చూడు, సైకిల్ ట్యూబు పంక్చరులాగే బుడగ చెబుతుంది. జాయింట్లకు చుట్టే దారం సంగతి చిన్నదనుకోవద్దు. మైనం పట్టించిన దారాన్ని వరుసకు వరుస చుడతారు. తక్కువైతే గాలి, ఎక్కువైతే కర్ర చీలుతుంది. నేను చీరాలలో మగ్గం పని చేసే బంధువు ఒకాయన చేత చుట్టించుకున్నాను. నాలుగేళ్ళు కదల్లేదు.

నేర్పేవాళ్ళ గురించి: మీ తాలూకాలో మాజీ సైనికులను వాకబు చెయ్యి, ఎవరో ఒకరు పైపు బ్యాండులో ఉండి ఉంటారు. పోలీసు బ్యాండులో రిటైరైనవాళ్ళు కూడా. వీడియో పాఠాలు మంచివే, కానీ వీడియో నీ వేళ్ళను చూడదు కదా.

ప్రశ్న: మాది కరవది. మూడు తరాలుగా సన్నాయి మాకు జీవనం. పెళ్ళిళ్ళలో కొత్తగా ఉంటుందని బ్యాగ్‌పైపు మీద మన రాగాలు పలికించాలని ఉంది. కుదురుతుందా? సన్నాయితో కలిపి వాయించవచ్చా? (ఒక కళాకారుడు)

జవాబు: నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారు పుట్టిన ఊరి నుంచి నన్ను రాగం గురించి అడుగుతున్నారు! చేతులు కట్టుకునే జవాబు చెబుతాను.

ముందు శుభవార్త. చాంటర్ మీద తొమ్మిది స్వరాలు. కింది షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఎనిమిది, షడ్జమానికి కింద మంద్రంలో ఒక్క నిషాదం. ఆ వరుస చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం, కైశికి నిషాదం. మీకు నేను చెప్పనక్కరలేదు, అది హరికాంభోజి, 28వ మేళం. స్కాట్లండ్ పశువుల కాపరి మన మేళకర్తలు లెక్కగట్టిన వెంకటమఖిని చదవలేదు గానీ వరుస మాత్రం అదే కుదిరింది. పైగా మూడు శ్రుతి గొట్టాలూ షడ్జమాన్నే పట్టుకుంటాయి, రెండు ఒక స్థాయి కింద, పొడవుది రెండు స్థాయిల కింద. పంచమం ఉండదు. చాంటర్ స్వరాలను ఆ షడ్జమానికి సరిచూసి పెడతారు కాబట్టి హార్మోనియం కంటే మన చెవికి దగ్గరగా ఉంటుంది.

ఇక చెడ్డ వార్తలు, వరసగా. మన తొలి పాఠాల రాగం మాయామాళవగౌళ పలకదు. అంటే సరళీ స్వరాలే మన పద్ధతిలో మొదలుపెట్టలేరు. అడ్డదిడ్డంగా వేళ్ళు వేసి సాధారణ గాంధారం లాంటివి కొంత రప్పించవచ్చు, కానీ అవి బతిమాలితే వచ్చినట్టుంటాయి. మోహనం పలుకుతుందని సంబరపడి నేను "వరవీణా మృదుపాణి" గీతం ఎత్తుకున్నాను. రెండో ఆవృతం దాటకముందే పై స్థాయి రిషభం కావాల్సి వచ్చింది. చాంటర్ మీద పై షడ్జమంతో మేడ అయిపోయింది, ఇంక మెట్టు లేదు. ఎక్కబోయి గాలిలో కాలు వేసినట్టయింది నాకు. ఒక స్థాయిలో ఇమిడే పాటలనే వెతుక్కోవాలి. జానపదాలలో అలాంటివి చాలా దొరుకుతాయి, కోలాటం పాటలు హాయిగా ఇముడుతాయి.

అసలు తేడా వేరే ఉంది. మీకు తుత్తుకారం ఉంది. నాలుకతో స్వరాన్ని తెంపుతారు, మళ్ళీ ఎత్తుతారు. బ్యాగ్‌పైపులో నాలుకకూ పీకకూ మధ్య తిత్తి ఉంది. నాద ప్రవాహం ఆగదు. పెంచలేరు, తగ్గించలేరు, తెంపలేరు. అప్పుడు "స స రి రి" అని జంటస్వరాలు ఎలా వాయిస్తారు? వేళ్ళు కదపకపోతే రెండు షడ్జమాలు కలిసి ఒక పొడుగు షడ్జమం అవుతుంది. అందుకని రెండింటి మధ్యా ఒక పై స్వరాన్ని రెప్పపాటు తెరిచి మూస్తారు. దాన్ని గ్రేస్ నోటు అంటారు. మన జంటస్వరాల్లో రెండో స్వరానికి కింది నుంచి స్ఫురితం ఇస్తాం చూడండి, దానికి ఇది పైనుంచి వచ్చే దాయాది. మనకు స్ఫురితం అలంకారం. వాళ్ళకు అది లేకపోతే మాటల మధ్య ఖాళీయే ఉండదు. బ్యాగ్‌పైపు వేళ్ళ విద్య అంతా ఈ రెప్పపాట్లే. ఒక్కటి కొట్టడం, మూడు నాలుగు కలిపి గుత్తిగా కొట్టడం. పూర్వం వాళ్ళు కూడా కాగితం లేకుండా, ఏ గుత్తికి ఏ అక్షరం అని నోటితో పాడి నేర్పుకునేవారు, మన డోలు జతులు చెప్పినట్టే. కాంభోజిలో మీరు స్వరాన్ని జార్చే జారు, ఊపే కంపితం దీని మీద ఆశించవద్దు.

సన్నాయితో కలపడం గురించి నా అనుభవమే చెబుతాను. మా మేనల్లుడి పెళ్ళిలో ఉత్సాహం ఆపుకోలేక ఎదురుకోలు దగ్గర పైపు ఎత్తాను. మేళంవారు పెద్దమనుషులు, ఆపలేదు. రెండు నిమిషాలకు సన్నాయి ఆయన పీక నోట్లోంచి తీసి, తువ్వాలుతో తుడుచుకుంటూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. సంగతి ఏమిటంటే, ఇప్పటి చాంటర్ షడ్జమం దాదాపు 480 హెర్ట్జ్. హార్మోనియం మెట్ల లెక్కలో ఆరున్నర శ్రుతి 466, ఏడు 494. అంటే ఇది రెండు శ్రుతుల నడుమ పడుతుంది, హార్మోనియంలో దానికి మెట్టే లేదు. సన్నాయి రెండు, రెండున్నర శ్రుతిలో ఉంటుంది. ఎవరూ ఎవరి ఇంటికీ రాలేరు. కలపవద్దు. ఒకరి తరువాత ఒకరు వాయించండి. మీ ఒత్తు శ్రుతి పట్టేవారికి మాత్రం తిత్తి మర్మం ఇట్టే తెలుస్తుంది. ఊపిరి ఆగినా నాదం ఆగకూడదన్నది ఆయన నిత్యం చేసే పనే.

ప్రశ్న: అన్నగారూ, మా వారు నెల్లూరులో మా అపార్టుమెంటు బాల్కనీలో రోజూ బ్యాగ్‌పైపు వాయిస్తున్నారు. కింది వాళ్ళు లిఫ్టులో పలకరించడం మానేశారు. ఆయనకు మీరంటే గురి. మీరైనా చెప్పండి. (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, ఈ పేజీ చింపి ఫ్రిజ్ మీద అంటించండి.

బావగారూ, మీ ఉత్సాహం నాకు తెలుసు, ఆ వ్యాధి నాకూ వచ్చింది. కానీ ఇది ఆరుబయట కొండల మీద, కవాతుల్లో వినిపించడానికి పుట్టిన వాద్యం. దగ్గరగా 100 డెసిబెల్స్ దాటుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. బాల్కనీ మూడు వైపులా గోడలు కాబట్టి పక్కింటివాళ్ళ కంటే ముందు మీ చెవులే పోతాయి. మందుల షాపులో చెవి బిరడాలు దొరుకుతాయి, అవి లేకుండా పైపు ఎత్తవద్దు. నేను మొదట్లో పెట్టుకోలేదు. ఇప్పుడు మా మనవరాలు ఎడమ వైపు కూర్చుని కబుర్లు చెబితే సగమే వినిపిస్తాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట వాద్యాలు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో కూడా ఉంది.

ఇంట్లో ప్రాక్టీసు చాంటర్. పెద్ద పైపు ఊరి బయట, వారానికి మూడు రోజులు. నేను కొన్నాళ్ళు తుమ్మలపెంట సముద్రం ఒడ్డుకు వెళ్ళేవాణ్ణి. అక్కడ గాలి శ్రుతి గొట్టాల కొసల్లో దూరి శ్రుతి చెడగొట్టేది. తరువాత అల్లూరు వైపు ఒక స్నేహితుడి రొయ్యల చెరువు గట్టు దొరికింది. ఏరేటర్లు తిరుగుతుంటే ఎవరు ఏం వాయించినా ఎవరికీ పట్టదు. కాపలా కుర్రవాడు మాత్రం మొదటి రోజు పరుగెత్తుకొచ్చి, మోటారు బేరింగు పోయిందేమోనని నాలుగు ఏరేటర్లూ వరుసగా చెవి పెట్టి విన్నాడు. నన్ను చూశాక కూడా ఐదో దాన్ని విని వెళ్ళాడు.

ఇంట్లోనే వాయించి తీరాలంటే స్కాట్లండ్‌లోనే చిన్న పైపులు వేరే ఉన్నాయి. నోటితో ఊదరు, కుడి మోచేతి కింద చిన్న కొలిమి తిత్తిలాంటిది కట్టుకుని గాలి పడతారు. శబ్దం గదికి సరిపడా ఉంటుంది. ఖరీదు ఎక్కువ. ఆ ఖర్చు ముందు మా చెల్లెమ్మను అడగండి.

ప్రశ్న: మా పెదనాన్న గారు వదిలివెళ్ళిన బ్యాగ్‌పైపు దొరికింది. తిత్తి తోలుది, లోపల ముక్కిన వాసన వస్తోంది. ఊదవచ్చా? (ఒక పాఠకుడు, సింగరాయకొండ)

జవాబు: ఊదవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. 2016లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో ఇంగ్లండుకు చెందిన 61 ఏళ్ళ మనిషి సంగతి వచ్చింది. ఆయన రోజూ బ్యాగ్‌పైపు వాయించేవాడు, ఏళ్ళ తరబడి పొడి దగ్గు, ఆయాసం. మూడు నెలలు ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు వాద్యం వెంట తీసుకువెళ్ళలేదు, అప్పుడు తేరుకున్నాడు. తిరిగి వచ్చి వాయించగానే మళ్ళీ మొదలు. చివరికి ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. పైపు లోపల పరీక్షిస్తే రకరకాల బూజులు. మన ఊపిరి తడి, మన ఉక్క, దానికి తోడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు. బూజుకు అంతకంటే ఏం కావాలి?

ఆ తోలు తిత్తిని పారేయండి, మమకారం వద్దు. పీకలూ పారేయండి. కర్ర గొట్టాలు ఉంచి, శుభ్రం చేయించి, కొత్త తిత్తి కట్టించండి. ఇప్పుడు జిప్పు ఉన్న కృత్రిమ వస్త్రం తిత్తులు వస్తున్నాయి, జిప్పు తీసి లోపల తుడుచుకోవచ్చు. తోలు తిత్తి ఆరిపోయి గాలి కారకుండా పూర్వం అక్కడివాళ్ళు తేనె లాంటివి కలిపి లోపల పట్టించేవారట. నేను ఒకసారి ప్రయత్నించాను. మర్నాడు మా ఇంటి చీమలన్నీ వరుస కట్టి సాధనకు వచ్చాయి.

వాయించిన ప్రతిసారీ గొట్టాలు విడదీసి, కర్రకు గుడ్డ చుట్టి లోపల లాగి తుడిచి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే కర్ర పగులుతుంది. తడిగా పెట్టెలో పెట్టి మూస్తే ఆ వాసన మళ్ళీ మొదలు.

ప్రశ్న: తెల్లవాడు వదిలి వెళ్ళిన వాద్యం మనకెందుకండీ? సన్నాయి, డోలు ఉండగా? (ఒక పెద్దాయన, ఆత్మకూరు)

జవాబు: పటాలాల్లోకి అది బ్రిటిష్ సైన్యంతో వచ్చిన మాట నిజమే. కానీ తిత్తిలో గాలి నింపి నాదం నిలపడం వాళ్ళ ఒక్కరి సొత్తు కాదు. రాజస్థాన్‌లో, గఢ్వాల్ కొండల్లో మషక్ అని ఉంది. స్పెయిన్ వాయవ్యాన, బల్గేరియాలో వాళ్ళ వాళ్ళ పైపులు ఉన్నాయి. మనకు తిత్తి అనే పేరుతోనే ఒక వాద్యం ఉంది. మీరు నా కంటే పెద్దవారైతే చూసే ఉంటారు. మేకతోలు ఒలిచినది ఒలిచినట్టే కుట్టి, ఒక కాలి దగ్గర ఊదే గొట్టం, ఇంకో చోట పలికే గొట్టం. అది పాట వాయించదు. వీధి భాగవతాలకు, యక్షగానాలకు వెనక నిలబడి తెల్లవార్లూ శ్రుతి మాత్రమే ఇస్తుంది.

మా అమ్మ పుట్టిల్లు వింజమూరు దగ్గర. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు అక్కడ రాములవారి గుడి ముందు ఆట కట్టారు. ముందు వరసలో చాప మీద పడుకుని నేను వేషాలను చూడటం మానేసి, పక్కన లాంతరు వెలుగులో కూర్చున్న తిత్తి ఆయన్నే చూశాను. ఆ తోలు సంచి ఆయన ఒళ్ళో పసిపిల్లలా ఉంది. ఊదేవాడు, ఆపేవాడు, పక్కవాళ్ళతో ఏదో మాట చెప్పి నవ్వేవాడు కూడా. అయినా శ్రుతి ఆగేది కాదు. నోరు మాట్లాడుతుంటే నాదం ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాక లేచి కూర్చున్నాను. అప్పుడు కనిపించింది ఆయన మోచెయ్యి. పక్కటెముకలకు ఆనించి, కదిలీ కదలనట్టు మెల్లగా నొక్కుతోంది. నలభై ఏళ్ళ తరువాత హవల్దారు గారు "చంక నిద్రపోతోంది" అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ లాంతరే.

మీ ఆత్మకూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో ఏ అటక మీదైనా పాత తిత్తి ఉంటే నాకు ఈ పత్రిక ద్వారా ఒక కార్డు రాయండి. తోలు చివికిపోయినా ఫరవాలేదు, గొట్టాలు ఉంటే చాలు. పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి వస్తాను. దారం, మైనం నేనే తెచ్చుకుంటాను.